నవంబరులో అరకు, అదీ బుధవారం

నవంబరు ఇంత అందంగా ఉంటుందని ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు!

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. టీచరుకి నవంబరంటే పాఠాలు పూర్తి చేయాల్సిన నెల. హాఫియర్లీ పరీక్షలు ముంచుకొస్తుంటాయి, దిద్దాల్సిన పేపర్లు బల్ల మీద ఉంటాయి. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం, ఆయనకు సెలవు దొరకడం ఇంకా కష్టం. అందుకని మా ప్రయాణాలన్నీ ఎండాకాలం సెలవుల్లోనే జరిగేవి. లేదంటే దసరాకో సంక్రాంతికో. ఊరంతా కదిలినప్పుడే మేమూ కదిలేవాళ్లం. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, పురుళ్లు అన్నీ అయ్యాక ఇద్దరం రిటైరయ్యాం. ఓ రోజు ఆయన క్యాలెండరు ముందేసుకుని, "ఏమోయ్, బుధవారం అరకు వెళ్దామా?" అన్నారు.

బుధవారం! వారం మధ్యలో, ఎవరి పెళ్లీ లేకుండా, ఏ మొక్కూ లేకుండా, కేవలం చూడ్డానికి వెళ్లడం! ఆ మాట వినగానే నాకు కలిగిన ఉత్సాహం ఇప్పటికీ తగ్గలేదు.

ముందురోజే విశాఖపట్నం చేరి, రాత్రి హాయిగా నిద్రపోయాం. అరకు మీదుగా కిరండూల్ వెళ్లే బండి పొద్దున్నే బయల్దేరుతుంది. రాత్రంతా ప్రయాణం చేసి, నిద్ర చాలని కళ్లతో ఆ బండెక్కడం మా వయసువాళ్లకు తగదు. ఒక రాత్రి గది అద్దె ఎక్కువైనా ఫరవాలేదు. ఆ బండికి విస్టాడోమ్ పెట్టె ఉంటుంది. 2017లో మొదలుపెట్టారట. పైకప్పులో అద్దాలు, పక్కల వెడల్పాటి కిటికీలు, ఎటు కావాలంటే అటు తిరిగే కుర్చీలు. ఏ వైపు కూర్చుంటే లోయ కనిపిస్తుందోనన్న బెంగే లేదు. లోయ ఎటుంటే కుర్చీ అటు తిప్పుకోవడమే. "ఇటు తిరుగు, ఇటు తిరుగు" అని మా ఆయన, "ఏవండీ, అటు చూడండి" అని నేను. సుమారు నాలుగు గంటల దారి ఇలాగే గడిచింది.

కొత్తవలస, శృంగవరపుకోట దాటేదాకా మామూలు పల్లెలూ పొలాలే. బొడ్డవర వచ్చాక బండి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి... ఒక్కో స్టేషనూ ఒక్కో మెట్టు. సొరంగంలోకి దూరగానే పెట్టెలో ఉన్న పిల్లలంతా కేకలు పెడతారు. బయటికి రాగానే ఎడమకో కుడికో అడుగు కనపడనంత లోయ, ఎదుటి కొండ మీంచి జారుతున్న నీళ్లు, అంతలోనే మళ్లీ చీకటి. ఈ కొత్తవలస-కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. సముద్రపు ఒడ్డున బయల్దేరిన బండి శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన బ్రాడ్‌గేజి స్టేషనని ఒకప్పుడు దీన్నే చెప్పుకునేవారు. కాశ్మీరు లోయలో పట్టాలు పడ్డాక ఆ పేరు అటు వెళ్లిపోయింది.

దారిలో మా బండిని ఒక స్టేషనులో ఆపి గూడ్సుకు దారి ఇచ్చారు. ఒకటికి మించి ఇంజన్లు, వాటి వెనక ఎంతకీ తరగని వ్యాగన్లు, వాటి నిండా ఎర్రటి ఇనుప ఖనిజం. నాకు ఒళ్లు పులకరించింది! బైలాడిలా గనుల గురించి, అక్కడి ఖనిజం విశాఖ రేవుకు వచ్చి ఓడలెక్కడం గురించి ఏటా పిల్లలకు చెప్పాను. పటంలో ఆ గీత గీయించాను. జపానుకు ఖనిజం పంపడం కోసం 1960లలో ఈ కొండల్ని తొలిచి వేసిన లైను ఇది. ఆ గీత మీదే నేను కూర్చుని ఉన్నాను! ఖాళీ వ్యాగన్లు కొండెక్కుతాయి, నిండువి దిగుతాయి. మనుషుల్ని తిప్పడానికి కాదు, రాయిని దించడానికి వేసిన దారిలో మనకింత అందం దక్కింది. ఇంటికి వచ్చాక నా పాత విద్యార్థులకు ఫోన్లు చేసి మరీ చెప్పాను.

ఇక పూలు. వలిసె పూల గురించి వినే ఉంటారు. నూనెగింజల పంట అది. గిరిజన రైతులు అరకు చుట్టుపక్కల కొండవాలుల్లో వేస్తారు. అవి పూసేది సరిగ్గా నవంబరు, డిసెంబరుల్లోనే. అంటే నేను బళ్లో ఉన్న నెలల్లో! కొండవాలు మీద పసుపు ఆరబోసినట్టు మడి తరవాత మడి. వాటి మధ్యన ఎర్రమట్టి బాట, పైన పలచటి మంచు. మే నెలలో వచ్చినవాళ్లకు ఇదేదీ ఉండదు. ఒక చోటును చూశామంటే చాలదు, దాని కాలంలో చూడాలని నాకు అక్కడే తెలిసింది. ఉద్యోగం చేసేవాళ్లకు సెలవు ఎప్పుడిస్తే అప్పుడే చూపు. మనకు మాత్రం పువ్వు ఎప్పుడు పూస్తే అప్పుడు సెలవు!

అరకులో రెండు రాత్రులు ఉన్నాం. చాలామంది పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. అలా వెళ్తే అరకు తెల్లవారుజాము దక్కదు. ఆ చలిలో, స్వెట్టరు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, వేడి కాఫీ గ్లాసుతో వరండాలో ఇద్దరం కూర్చుంటే మంచు విడేదాకా ఎదుటి కొండ కనపడలేదు. లేచి పరుగెత్తాల్సిన పని ఎవరికీ లేదు. గిరిజన మ్యూజియం నింపాదిగా చూశాం. పద్మాపురం తోటలో బల్ల దొరికిన చోటల్లా కూర్చున్నాం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన తోటట అది. చాపరాయి దగ్గర పరుపుబండ మీద నీళ్లు జారుతుంటే అంచున కూర్చుని పాదాలు తడుపుకున్నాం. లోపలికి మాత్రం వెళ్లకండి, రాయి బాగా జారుతుంది.

బొర్రా గుహల గురించి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మెట్లు బాగా దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి, అక్కడక్కడా తడి ఉంటుంది. అయినా వెళ్లండి. మేం గోడ పట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని దిగాం. వారం మధ్యలో కదా, వెనకనుంచి తోసేవాళ్లు లేరు. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ నిలబడ్డాం. గుహలోకి అడుగు పెట్టగానే పైకప్పు ఎంత ఎత్తుందో చూసి నోట మాట రాలేదు. పైనుంచి వేలాడే స్టాలక్టైట్లు, కిందినుంచి లేచే స్టాలగ్మైట్లు. వాననీరు సున్నపురాయిని కరిగించుకుని, చుక్క చుక్కగా రాలి, మళ్లీ రాయిగా పేరుకోవడానికి వేల, లక్షల ఏళ్లు పడుతుంది. పుస్తకంలో అరపేజీ పాఠం అది. ఇక్కడ నా నెత్తిన ఒక చుక్క పడింది! ఈ గుహల మీదుగానే మేం ఎక్కివచ్చిన రైలు వెళ్తుందని తెలిసి మా ఆయన పైకి చూస్తూ అక్కడే ఉండిపోయారు.

తిరుగు ప్రయాణం మాత్రం కారులో, ఘాట్ రోడ్డు మీదుగా చేయండి. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు చూడాలంటే అదే దారి. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియపు తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. నవంబరులో కాయలు ఎర్రబారుతూ ఉంటాయి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇన్నేళ్లూ ఇంట్లో పొడి కొనుక్కున్నాను గానీ, చెట్టున ఎర్రగా ఉన్న కాఫీ పండు చూడటం నాకదే మొదలు. ఆ నీడలో నిలబడి ఆ తోట కాఫీ తాగితే, అంతకన్నా మంచి కాఫీ నేనైతే ఎరగను.

రిటైరైన దంపతులందరికీ నా మాట ఒక్కటే. మనవల సెలవులు చూసుకుని ఆ రద్దీలో వెళ్లకండి. పిల్లలతో వెళ్లే ప్రయాణం వేరే పెట్టుకోండి. ఇది మీ ఇద్దరిదీ. కార్తీకమాసం ఆదివారాలు వదిలేయండి, వనభోజనాల జనంతో అరకు దారంతా నిండిపోతుంది. మంగళవారానికి విశాఖ చేరి, బుధవారం బండెక్కి, శుక్రవారం కొండ దిగండి. మందులు, స్వెట్టర్లు, పట్టు ఉన్న చెప్పులు మరవకండి. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, విస్టాడోమ్ సీట్లు త్వరగా అయిపోతాయి. అందుకని నవంబరు పూలు చూడాలంటే సెప్టెంబరులోనే టికెట్టు తీసుకోండి.