కోత పండుగ వేలంపాట

ఆరాధన ముగిసినా ఎవరూ లేవలేదు. మెదక్‌కు దగ్గరలోని ఆ పల్లె చర్చిలో ఆ ఆదివారం కోత పండుగ. బల్ల ముందు వడ్ల బస్తాలు, మక్కకంకులు, గంపెడు గుడ్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు. అన్నీ సంఘస్తులు తెచ్చిన కానుకలే. ఇక వేలంపాట. డిగ్రీ చదువుతున్న యూత్ లీడర్ ఒక గుమ్మడికాయను ఎత్తి చూపించి పాట మొదలుపెట్టాడు. పాడుకున్న పెద్దాయన డబ్బు కట్టి, "మల్ల పాటకు పెట్టు కొడుకా" అన్నాడు. ఆ ఒక్క గుమ్మడికాయే ముగ్గురి చేతులు మారింది. వచ్చిన డబ్బులో సగం చర్చికి, సగం యూత్ పెట్టెకు.

ఆ పెట్టె ఖర్చుల నోటుపుస్తకం చూశాను. దుప్పట్ల పంపిణీ పద్దు ఒకే ఒక్క క్రిస్మస్‌కు ఉంది, ఆ తర్వాత లేదు. ఎందుకు మానేశారని అడిగాను. "ఫోటో తీస్తుంటే ఒక అవ్వ కొంగుతోటి మొఖం కప్పుకున్నది సార్. పాస్టరు గారు ఆ రోజే ఫోన్లు లోపల పెట్టుమన్నరు" అన్నాడు లీడర్. అప్పటి నుంచి పంచడం తగ్గించి, తోడు వెళ్లడం పెంచారు. పుస్తకంలో ఇప్పుడు కనిపించేవన్నీ ఆటో కిరాయిలు, మందుల చీటీలు, జిరాక్సులు.

మర్నాడు యూత్‌లోని, ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఒక అవ్వకు తోడు వెళ్తుంటే, వాళ్ల వెంట పోస్టాఫీసుకు వెళ్లాను. అప్పట్లో ఆసరా పెన్షన్ 2,016 రూపాయలు చేతికి రావాలంటే మిషన్ మీద వేలిముద్ర పడాల్సి ఉండేది. నాట్లు వేసి, బీడీలు చుట్టి అరిగిపోయిన వేళ్లకు అదే కష్టంగా ఉండేది. అవ్వ బొటనవేలు పడలేదు, చూపుడువేలూ పడలేదు. అమ్మాయి సీసాలో నీళ్లతో అవ్వ చెయ్యి కడిగి, చున్నీతో తుడిచి, ఉంగరపు వేలు పెట్టించింది. మిషన్ కూసింది. డబ్బు అమ్మాయి ముట్టుకోలేదు, అవ్వే లెక్కపెట్టుకుంది. "మీరూ చర్చికి పోతారా అవ్వా?" అని అడిగితే నవ్వింది: "మాది మల్లన్న దేవుడు బిడ్డా. ఈ పోరి మాత్రం నెలనెలా వస్తది."

మెదక్ చర్చి గోపురం చూసేందుకు వచ్చే వాళ్లకు ఈ ప్రాంతపు పాత కథ ఒకటి తెలిసే ఉంటుంది. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడాన్ని, కరువులో అలమటించే జనానికి పని చూపించి కూడు పెట్టడానికే చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించాడని చెబుతారు. ఊరికే గింజలు పంచితే ఆకలి తీరేది. కూలి ఇస్తే ఆకలితో పాటు తలవంపూ తప్పింది. చేను అంచులు కోయకుండా పేదలకు వదలమని లేవీయకాండం చెప్పడంలోనూ ఇదే మర్యాద ఉంది. పరిగె ఏరుకునే మనిషి ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు.

అయితే కుర్రాళ్లు ఊళ్లో నిలవరు. చదువు పూర్తయితే హైదరాబాద్ వెళ్లిపోతారు. అందుకే ఏ అవ్వకు ఏ రోజు మందులు కావాలో, ఎవరి ఆధార్‌లో ఏ తప్పుందో రాసి పెట్టి, వెళ్లేవాళ్లు కొత్తవాళ్లకు అప్పజెబుతున్నారు.

సాయంత్రం యూత్ మీటింగ్‌లో వేలం డబ్బు మీద వాదన లేచింది. క్రిస్మస్ పాటలకు కొత్త కీబోర్డు కావాలని పాడేవాళ్ల పట్టు. ఊళ్లో ఒకాయనకు డయాలసిస్ ఉచితంగానే జరుగుతోంది కానీ, వారానికి రెండుసార్లు టౌనుకు వెళ్లిరావడానికి కిరాయి లేదని మిగతావాళ్ల మాట. అరగంట అరుచుకున్నాక చేతులెత్తించారు. కిరాయి గెలిచింది. ఓడిన కీబోర్డు కుర్రాడు మొహం మాడ్చుకునే, మంగళవారం ఆయన వెంట టౌనుకు వెళ్లే వంతు తన పేరున రాయించుకున్నాడు.