లేహ్ దారిలో శ్రుతి తప్పితే...!

మనాలీ అనగానే మనవాళ్ళకి పాటలే గుర్తొస్తాయి. మంచు, దేవదారు చెట్లు, చలికి వణుకుతూనే నవ్వులు చిందించే హీరోయిన్! 1992లో వచ్చిన 'రోజా'లో మనం కాశ్మీరమనుకుని చూసిన కొండల్లో కొన్ని ఈ మనాలీవే సుమండీ. 2009 నాటి '3 ఇడియట్స్' పుణ్యమా అని లడఖ్ కూడా మన కుర్రకారుకి చుట్టాలిల్లయిపోయింది.

మనాలీ నుంచి లేహ్‌కి పాత దారిలో సుమారు 470 కిలోమీటర్లు. ఆ దారిని సైకిలు తొక్కుకుంటూ దాటేవాళ్ళున్నారంటే నమ్ముతారా? ఉన్నారు. వేసవిలో మంచు కరిగి దారి తెరిస్తే చాలు, వచ్చేస్తారు.

రోహతాంగ్ కనుమ 3,978 మీటర్లు. అది దిగితే లాహౌల్ లోయ. అక్కడ టాండీ పెట్రోలు బంకు దగ్గర 'తర్వాతి బంకు 365 కిలోమీటర్ల తర్వాతే' అని ఓ బోర్డు ఏళ్ళ తరబడి ఉండేది. పెట్రోలుకే ఆ గతైతే ఇక సైకిలు షాపు సంగతి మీరే ఊహించుకోండి!

బారలాచ ఎక్కి సర్చూ వైపు దిగుతుంటే గతుకులు, గులకరాళ్ళు, రోడ్డుకడ్డంగా పారే మంచునీళ్ళు. అసలు పరీక్ష అక్కడే... కాళ్ళకి కాదు, స్పోకులకి!

మౌంటెన్ బైకు చక్రానికి సాధారణంగా 32 స్పోకులుంటాయి. అన్నీ రిమ్ముని హబ్బు వైపు లాగి పట్టుకుంటాయి. మన బరువు పడినప్పుడు కిందికొచ్చిన స్పోకుల్లో బిగువు కాస్త తగ్గుతుంది. ముందే వదులుగా ఉందనుకోండి, ఆ క్షణంలో స్పోకు పూర్తిగా సడలిపోయి నిపులు తనంతట తనే తిరిగిపోతుంది. ఒకటి వదిలేస్తే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. చక్రం వంకర్లు పోతుంది. లోయ పక్క మలుపులో ఆ వంకర ప్రాణాలకే ముప్పు!

అందుకే అనుభవజ్ఞులు సాయంత్రం డేరాకి చేరగానే, టీ కన్నా ముందు చక్రం చూస్తారు. ఒకే వైపు స్పోకుల్ని వేలితో మీటుతారు. 'టింగ్' మంటే సరే, 'డబ్' మంటే వదులు. వెనక చక్రంలో ఎడమవైపువి ముందు చూడాలి. గేర్ల వైపు వాటికన్నా వాటికి బిగువు తక్కువ.

స్పోకు తాళంతో, టైరు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుగా, పావు చుట్టు బిగించాలి. అంతే! ఆవేశపడి మూడు చుట్లు తిప్పితే కొత్త వంకర వస్తుంది. రిమ్ము కుడికి వాలితే అక్కడి ఎడమ స్పోకు బిగించి, కుడిది కాస్త సడలించాలి. డిస్కు బ్రేకుల బండి అయితే ఫ్రేముకి ఓ ప్లాస్టిక్ టై కట్టి, దాని కొస రిమ్ము దగ్గరగా పెడితే వంకర తెలిసిపోతుంది. రిమ్మే సొట్టపోతే మాత్రం స్పోకులేం చెయ్యలేవు.

అన్నట్లు, కొత్త చక్రాలతో తిన్నగా కొండెక్కకండి. కొన్నాళ్ళు ఊళ్ళోనే తొక్కితే స్పోకులు సర్దుకుంటాయి. తర్వాత మీ వీధి చివర సైకిలు షాపు తాతగారి చేత బెండు తీయించండి. ఆయన తాళం తిప్పే తీరు కళ్ళప్పగించి చూసి నేర్చుకోండి. 5,300 మీటర్లు దాటిన తంగ్లాంగ్ లా మీద తాతగారుండరు మరి!