మా ఇంటి గాలి పడవ

పుట్టింది గోదావరి ఒడ్డున. ఈత మాత్రం రాదు. మిషిగన్ వచ్చాక కూడా ఈ సంగతి పిల్లలకు తెలియనివ్వకుండా నెట్టుకొచ్చాను. పోయినేడు జూలైలో ఒక గాలి పడవ నా గుట్టు రట్టు చేసింది.

ముప్ఫై డాలర్ల పడవ. అట్టపెట్టె మీద ఇద్దరు నవ్వుతూ కూర్చున్న బొమ్మ. మా అమ్మాయినెక్కించుకుని దగ్గర్లోని చెరువులోకి దిగాను. (ఇక్కడివాళ్ళు లేక్ అంటారు. మన రాష్ట్రంలో ఇలాంటివి 11,000కు పైగా ఉన్నాయి.) ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒడ్డు మీంచి లోపలికి వీచే గాలి చెట్ల చాటున ఉన్నంతసేపూ తెలియదట. చాటు దాటగానే మా పడవ విస్తరాకులా కొట్టుకుపోవడం మొదలెట్టింది. ప్లాస్టిక్ తెడ్లు ఎంత వేసినా గిరగిరా తిరుగుతుందే గాని ఒడ్డుకు రాదు. నేను చేతులూపితే, సరదాకనుకుని మా ఆవిడా ఊపింది. పైగా చన్నీళ్ళకు లోపలి గాలి కుంచించుకుని పడవ పక్కలు మెత్తబడ్డాయి. చిల్లు పడిందనుకుని నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంజనీరుని, ఆ సూత్రం బట్టీ పట్టినవాణ్ణే! చివరికి చేపలు పట్టుకుంటున్న ఒక పెద్దాయన మా పడవకు తాడు కట్టి లాక్కొచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లోంచి మా అమ్మాయి అడిగింది: "డాడీ, నీకు ఈత వచ్చా?"

"రాదమ్మా."

ఇల్లు చేరేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఈ ఏడు మా అమ్మ వచ్చింది. పిల్లలు మళ్ళీ పడవ పాట మొదలెట్టారు. అందరం కలిసి షాపుకెళ్ళాం. చివరికి రెండు మిగిలాయి. ఒకటి నలుగురికట, తొంభై డాలర్లు, కోకు డబ్బాలు పెట్టుకునే గుంటలున్నాయి. పిల్లల ఓటు దానికే. రెండోది మూడు వందలు. "ఆ డబ్బుకు రెండు పట్టుచీరలొస్తాయి" అంది మా ఆవిడ.

"ఎంతమందిని ఎక్కించుకుంటుందిరా?" అంది అమ్మ.

"నలుగురిని అని రాశాడమ్మా."

"మనుషుల్ని కాదురా, ఎంత బరువు మోస్తుందో చూడు. కోటిపల్లి రేవులో పంటు మీద ఒక్క జనమేనా ఎక్కేది? బస్తాలు, మోటారు సైకిళ్ళు! నీళ్ళకు తెలిసేది బరువే."

పెట్టె తిప్పి చూశాను. 400 పౌండ్లు. మేమైదుగురం, పులిహోర డబ్బా, మంచినీళ్ళు కలిపితే 600 దాటాం! రెండోదాని మీద 850 ఉంది. గాలి గదులు వేరువేరుగా ఉన్నాయి, ఒకటి చిల్లు పడ్డా మిగతావి తేలుస్తాయి. అడుగు కూడా గాలి కొడితే బల్లలా గట్టిపడుతుంది. కింద చిన్న రెక్క ఉండడంతో బొంగరంలా తిరగకుండా తిన్నగా పోతుంది. మా ఆవిడ మరి చీరల మాటెత్తలేదు.

లైఫ్ జాకెట్ మిషిగన్ చట్టం ప్రకారం ఆరేళ్ళలోపు పిల్లలు తప్పక వేసుకోవాలి, మిగతావాళ్ళకు మనిషికొకటి పడవలో ఉంటే చాలు. మా ఇంటి చట్టం వేరు: ఒడ్డు మీదే అందరూ వేసుకోవాలి. చీర మీద వేసుకోవడానికి అమ్మ చేసిన గొడవ వేరే వ్యాసం అవుతుంది. నేను ఫిబ్రవరి నుంచి ఈత క్లాసులకు వెళుతున్నాను. మా అమ్మాయి గట్టున నిలబడి "కాళ్ళు కొట్టు డాడీ!" అని అజమాయిషీ చేస్తోంది. ఇప్పటికి కొలను అడ్డంగా ఒకసారి ఈదగలను, నిలువుగా ఇంకా లేదు.

మొన్న జూన్ లో గాలి ఒడ్డువైపుకే వీస్తున్న రోజు చూసుకుని బయల్దేరాం. పడవను నీళ్ళలో పెట్టి కాసేపాగి, మెత్తబడ్డాక మళ్ళీ పంపు కొట్టాను. ఎలా ఎక్కించాలా అని మేం చూస్తుంటే, అమ్మ సరిగ్గా నడిమధ్యలో అడుగుపెట్టి చతికిలబడింది. ఒడ్డు వదిలాక చెయ్యి చాపి, "ఓ చిల్లర డబ్బు ఉంటే ఇయ్యరా" అంది.

నా జేబులో కారు తాళాలే ఉన్నాయి. మా అమ్మాయి తన సంచీలోంచి క్వార్టర్ తీసిచ్చింది. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని నీళ్ళలో వేసింది.

"నానమ్మా, ఇది గోదావరి కాదు కదా!"

"నీళ్ళేగా, తల్లీ. మీ నాన్నను చూసి తెడ్డు వెయ్యమను."