చేతికి తెలిసిన చోటు

కారు షెడ్డు ఉన్న ఇంట్లో కారు కూడా ఉండి తీరుతుందనే నియమం మన దేశంలో లేదు. ఇల్లు కట్టే రోజుల్లో, ఎప్పటికైనా కొనకపోతామా అన్న ఆశతో స్థలంలో ఒక మూల రేకుల షెడ్డు వేయించుకుంటాము. కారు వచ్చేలోగా అందులోకి కోడు విరిగిన మంచం, పిల్లల మూడు చక్రాల సైకిలు, పెళ్లిళ్ల నాటి గుండిగలు, ఏనాటివో సున్నం డబ్బాలు వచ్చి చేరుతాయి. సికిందరాబాదు పక్కన మౌలాలీలో మా అన్నయ్య 1986లో వేయించిన షెడ్డు అటువంటిదే. వెడల్పు 10 అడుగులు, పొడవు 16 అడుగులు. కారు రానేలేదు. దానికి బదులు ఒక పనిబల్ల వచ్చింది. బల్ల వెంట వైసు, వైసు వెంట ఏటికేడాది రంపాలు, ఉలులు, చిత్రికలు, స్పానర్లు వచ్చాయి.

అన్నయ్య లాలాగూడా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశాడు. నిజాం రైల్వే కాలంలో, 1893లో వెలసిన కార్ఖానా అది. అక్కడ పగలంతా ఇనుముతో కుస్తీపట్టినవాడు ఇంటికి వచ్చి కొయ్య పట్టుకునేవాడు. ఇనుము జీతం కోసం, కొయ్య తన కోసం అనేవాడు. వానాకాలంలో వీధిలో ఎవరి తలుపు ఉబ్బి బిగుసుకుపోయినా, ఎవరి కుర్చీ కాలు ఊగినా ఆయన షెడ్డు ముందుకు రావలసిందే. డబ్బు పుచ్చుకోగా నేను చూడలేదు.

2019లో ఆయన కళ్లకు నీటికాసులు ఉన్నట్టు బయటపడింది. ఈ జబ్బు దొంగ వంటిది. కంటిలోపలి ఒత్తిడి సాధారణంగా పెరుగుతుంది. చూపును మెదడుకు చేర్చే నరం కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ముందుగా పోయేది పక్కచూపు. ఎదురుగా ఉన్న అక్షరం చక్కగానే కనబడుతుంది కనుక రోగికి అనుమానం రాదు. చుక్కల మందుతోను, అవసరమైతే లేజరుతోను, శస్త్రచికిత్సతోను ఉన్న చూపును నిలబెట్టడానికి ప్రయత్నించవచ్చునే గాని, పోయిన చూపు తిరిగి రాదు. తమ రక్తసంబంధీకులలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే పాఠకులు తమ కళ్లు కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది. నేను చేయించుకున్నాను.

అప్పటికి అన్నయ్యకు మిగిలింది గొట్టంలోంచి చూసినట్టుండే చూపు. పత్రిక చదవగలడు, పక్కనున్న మంచినీళ్ల చెంబును తన్నుకుంటాడు. షెడ్డులో ఈ చూపు ఏ మాత్రం చాలదు. మనం గోడవంక ఒక్కసారి చూసి సుత్తి ఎక్కడున్నదో పట్టేస్తాము. ఆయన గోడనంతా జానెడు జానెడు చొప్పున వెదుక్కోవాలి. పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అన్నకొడుకు ఆ దసరాకు వచ్చి, తండ్రి ఒక చేత్తో వాడి ఉలుల మధ్య తడుముకోవడం చూశాడు. పనిముట్లన్నీ అమ్మేసి షెడ్డును అద్దెకిద్దామన్నాడు. వాడి మాటలో స్వార్థం లేదు. వాడికి తండ్రి వేళ్లు కనబడుతున్నాయి. అన్నయ్య వాదించలేదు. షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి మేకుకు తగిలించి, వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఉదయం కూర్చున్నవాడు భోజనానికి లేచేవాడు. మళ్లీ కూర్చునేవాడు. ఇలా 4 నెలలు గడిచాయి.

తాళం తీసింది మా వదిన. ఒకరాత్రి కరెంటు పోయింది. ఆమె పొయ్యి ముందు నిలబడి, దీపం కోసం ఎదురుచూడకుండా, చారు పోపు పెట్టి దింపింది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయ, దేనికీ తడుముకోలేదు. ఆ మరునాడు నాతో అన్నది: "మరిదిగారూ, నా పోపుల డబ్బాకు కళ్లు అక్కరలేదు. మీ అన్నగారి షెడ్డుకెందుకు కావాలి? దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు."

వర్క్‌షాపు సర్దుకోవడం గురించి వచ్చే సలహాలు తిరగేసి చూడండి. దాదాపు అన్నీ కంటికి చెప్పినవే. గాజు సీసాల మూతలను అలమార అడుగున స్క్రూలతో బిగించి, సీసాలను వాటికి తిప్పి వేలాడదీయమంటారు. లోపల ఏమున్నదో కనబడుతుందట. గోడపలక మీద ప్రతి పనిముట్టు ఆకారాన్ని నల్లరంగుతో నీడలా గీయమంటారు. ఏది లేదో ఇట్టే తెలుస్తుందట. ఈ రెండో పద్ధతి గొప్పదే. విమానాలు బాగుచేసే చోట పనిముట్టు ఒకటి ఇంజనులో మరచిపోతే ప్రాణాలకే ముప్పు కనుక అక్కడ ఈ నీడపలకలను వాడతారు. ఇక పనిముట్ల పెట్టెలలో మకుటం వంటిది అమెరికాలో పియానోలు చేసిన హెన్రీ స్టడ్లీ (1838-1925) పెట్టె. దాదాపు 300 పనిముట్లను ఆయన గోడకు వేలాడే ఒక్క పెట్టెలో, దంతమూ ముత్యపుచిప్పా పొదిగిన గూళ్లలో, పొర వెనుక పొరగా అమర్చాడు. బొమ్మలో చూసినా కళ్లు చెదురుతాయి. కాని లోపొరలోనిది కావాలంటే పైపొరను తొలగించాలి. మాకు కావలసింది చెయ్యి చాచితే అందేది.

అందుకని ముందు ఖాళీ చేయడంతో మొదలుపెట్టాము. లెక్కపెడితే 212 పనిముట్లు తేలాయి. గత 2 ఏళ్లలో ఏవేవి వాడాడో అన్నయ్యనే చెప్పమన్నాము. 64 అన్నాడు. మిగిలినవాటిని వీధి చివర కొత్తగా పని నేర్చుకుంటున్న వడ్రంగి కుర్రాడికి ఇచ్చేశాడు. పెద్ద చిత్రిక ఇచ్చేటప్పుడు దాని పిడిని రెండుసార్లు తుడిచాడు, ఏమీ అనలేదు.

తరువాత అన్నయ్యను బల్ల ముందు నిలబెట్టి, కాలు కదపకుండా చేతులు చాచమన్నాము. ఆ చేతులు గోడమీద గీసిన అర్ధచంద్రాకారమే మా హద్దు అయింది. రోజూ వాడేవి ఆ హద్దు లోపలే ఉండాలి. తల ఎత్తున ఏదీ ముందుకు పొడుచుకు రాకూడదు. భుజానికి పైన పదునైనది ఉండకూడదు. నేలమీద ఏదీ ఉండకూడదు. బల్ల ఎత్తును, వైసు ఎత్తును మాత్రం మార్చలేదు. నిలబడినప్పుడు వైసు దవడలు మోచేతి ఎత్తున ఉంటే ఆకురాయి పట్టడానికి అనువు అన్న ఫిట్టర్ల సూత్రం ప్రకారం ఆయన ఎప్పుడో అమర్చుకున్నాడు.

గోడకు బీరువాలు బిగించలేదు. 45 డిగ్రీల వాలుతో నిలువునా చీల్చిన బద్దలలో ఒక సగాన్ని గోడకు అడ్డంగా, వాలు లోపలివైపుకు ఉండేట్టు స్క్రూలతో బిగించాము. రెండో సగాన్ని ప్రతి చట్రం వెనుకా తిరగేసి బిగించాము. చట్రాన్ని ఎత్తి బద్దమీద తగిలిస్తే చాలు, తన బరువుతో తానే బిగుసుకుంటుంది. నచ్చకపోతే ఎత్తి జానెడు పక్కన పెట్టవచ్చు. మొదటి నెలలో అన్నయ్య చట్రాలను చాలాసార్లు జరిపాడు. చెయ్యి తనంతట తాను ఎక్కడికి పోతున్నదో గమనించి, పనిముట్టును అక్కడికి తెచ్చాడు. పనిముట్టు ఉన్నచోటికి చేతిని అలవాటు చేయడం కన్న ఇది ఎంతో మేలని ఆయన అభిప్రాయం. నాదీ అదే.

ఉలులు వరుసగా చెక్కదిమ్మె గూళ్లలో ఉన్నాయి. పదును పూర్తిగా లోపల, పిడి మాత్రమే బయట. పిడికి ఆకురాయితో గంట్లు పెట్టాము: పావు అంగుళానికి ఒకటి, అర అంగుళానికి రెండు, ముప్పావుకు మూడు. రంపాల పళ్లకు, తోటకు నీళ్లు పెట్టే పాత గొట్టాన్ని నిలువునా చీల్చి తొడిగాము. స్పానర్లు గోడమీద వాటి వరుసలోనే ఉన్నాయి: 6-7, 8-9, 10-11, అలా 20-22 వరకు. వాటికి గంట్లు అక్కరలేదు. ఎడమనుంచి ఎన్నోదో లెక్కపెట్టుకోవడమే. బల్ల అంచుకు చుట్టూ అరంగుళం ఎత్తు బద్ద కొట్టాము. దొర్లిన బోల్టు కింద పడదు. కింద పడ్డ స్క్రూను వెదకడానికి పాత లౌడ్‌స్పీకరులోని అయస్కాంతాన్ని కర్రకు కట్టి పెట్టాము. విప్పిన సామాను విప్పిన వరుసలో పెట్టుకోవడానికి హాస్టళ్లలో భోజనం పెట్టే గుంటల పళ్లెం ఒకటి తెచ్చాము. అయిదు రూపాయల వస్తువులో ఇంత వివేకం ఉంటుందనుకోము, ఇప్పుడది అయిదు రూపాయలకు రాదనుకోండి.

పోపుల డబ్బా ఉపాయం వదినది కనుక దాని అమరికా ఆమెదే. డబ్బాలో నడుమ ఒక గిన్నె, చుట్టూ ఆరు గిన్నెలు ఉంటాయి గదా. డబ్బా అంచుమీద ఒకచోట ఎం-సీల్ ముద్ద చిన్న బుడిపెలా అంటించి, దాన్ని గడియారంలో 12 అనుకోమన్నది. అక్కడినుంచి గిన్నెలు 12, 2, 4, 6, 8, 10 గంటల దగ్గర ఉంటాయి. అర అంగుళం స్క్రూలు 12 దగ్గర, ముప్పావు 2 దగ్గర, అంగుళానివి 4 దగ్గర, అలా పెరుగుతూ 2 అంగుళాలవి 10 దగ్గర. నడుమ వాషర్లు. గిన్నెలు తిరిగిపోకుండా అడుగున అదే ముద్దతో గట్లు పెట్టింది. స్క్రూలకొకటి, మేకులకొకటి, నట్లూ బోల్టులకొకటి, మొత్తం మూడు డబ్బాలు. దేనిలో ఏమున్నదో తెలియడానికి ఒక్కొక్క మూతమీద ఒక స్క్రూను, మేకును, బోల్టును అంటించింది. హార్డ్‌వేరు దుకాణాలలో సొరుగులకు నమూనా బిగించి ఉంచుతారు. అది చూసి నేర్చుకున్నానన్నది. వానాకాలంలో తుప్పు పట్టకుండా ప్రతి డబ్బాలో ఒక సుద్దముక్క వేస్తుంది. ఉలులకు మాత్రం అన్నయ్య కుట్టుమిషను నూనె తప్ప వేరేది ఒప్పుకోడు. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురుకడుతుందంటాడు.

ఆరను ఎక్కడ ఉంచాలన్న దగ్గర మాత్రం చర్చ జరిగింది. ఇంట్లో మనుమడు తిరుగుతున్నాడు. ఫ్రాన్సులో కూప్‌వ్రే అనే ఊళ్లో 1812లో మూడేళ్ల పిల్లవాడొకడు జీనులు కుట్టే తండ్రి పనిగదిలో ఆరతో ఆడుకుంటూ కన్ను పొడుచుకున్నాడు. రెండో కంటికి కూడా సోకి చూపంతా పోయింది. ఆ పిల్లవాడే లూయీ బ్రెయిలీ. అంధుల లిపికి పెద్దయ్యాక కాగితంమీద చుక్కలు పొడవడానికి ఆయన వాడిందీ ఆరవంటి పనిముట్టునే. ఈ కథ నేను చెప్పగానే అన్నయ్య ఆరను తాళంవేసే సొరుగులోకి మార్చాడు. ఆరతోపాటు దబ్బనమూ అక్కడికే పోయింది.

కరెంటు విషయంలో మా అన్నకొడుకు పట్టు పట్టాడు. అదీ మంచిదే అయింది. సాన పట్టే గ్రైండరు వెళ్లిపోయింది. చేతి డ్రిల్లు ఉండనిచ్చాడు గాని, కరెంటు లీకయితే క్షణంలో సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు పెట్టించాకనే. బల్లకు పక్కనుంచి, కంట్లో కొట్టకుండా పడే దీపం పెట్టాము. గోడకు తెల్లసున్నం, పనిముట్ల వెనుక నల్లని నీడలు. మిగిలిన చూపుకు అంతమాత్రం సాయం ఉండవద్దా?

కొలతల చిక్కు అన్నయ్యే విప్పుకున్నాడు. టేపుమీది గీతలు ఆయనకు కనబడినా వెదుక్కోవడానికి కాలం పడుతుంది. అందుకని ప్రతి పనికి ఒక సన్నని బద్ద తీసుకుని, కావలసిన కొలతల దగ్గర గంట్లు పెట్టుకుంటాడు. వేలిగోరు గంటులో పడితే కొలత దొరికినట్టే. అంకెలతో పని లేదు. కాగా డ్రిల్లు ముక్కులే ఇంకా పూర్తిగా లొంగలేదు. 5 మిల్లీమీటర్లదీ, 5న్నరదీ వేళ్లకు ఒక్కటిగానే తోస్తాయి. గట్టి చెక్కలో వరుసగా రంధ్రాలు చేసి, ఏ రంధ్రంలో దూరుతుందో, దాని పక్కదానిలో దూరదో చూసి తేల్చుకుంటున్నాడు.

ఆరునెలలకొకసారి ఆసుపత్రిలో పక్కచూపు పరీక్ష చేస్తారు. పటంలో నల్లని భాగం నెమ్మదిగానే అయినా పెరుగుతున్నది. ఈ సంగతి ఆయనకు తెలుసు. రోజూ భోజనానికి ముందు అరగంటసేపు షెడ్డులో దీపం ఆర్పి, కళ్లు మూసుకుని పనిచేస్తాడు. కిందటేడు ఆ అరగంటలలోనే వదినకు ఒక పీట చేశాడు. పీట కొంచెం ఊగుతుంది. కాలు కింద అట్టముక్క పెడతానంటే ఆమె ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఆ షెడ్డులో పేచీ అంతా చూపున్నవారితోనే. ఒకసారి అన్నకొడుకు వచ్చి వాడి కారు చక్రం విప్పుకుని, 16-17 స్పానరును 12-13 మేకుకు తగిలించి పోయాడు. మరునాడంతా అన్నయ్య ఆ వరుసను మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఆ సాయంత్రం తలుపు పక్కన, నడుము ఎత్తున, ఒక ఖాళీ పలక బిగించి దానిమీద తెల్లరంగుతో పెద్ద అక్షరాలు రాశాడు: "చూపున్నవారు వాడినవి ఇక్కడ పెట్టవలెను." రాత్రి పడుకోబోయేముందు ఆయనే వచ్చి పలకమీదివి ఒక్కొక్కటీ తీసి, వాటి వాటి చోట్లలో తగిలిస్తాడు.