చెరకు సీమ పంచ్!

నిజామాబాద్ నుంచి బోధన్‌కి పాతిక కిలోమీటర్లు. ఆ ఊళ్లో ఓ పేటకి పేరే శక్కర్‌నగర్! 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది, నీళ్లొచ్చాయి. నీళ్లతో చెరకు, చెరకుతో 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ. ఇందూరు సీమ పేరు చెబితే దశాబ్దాలపాటు జనానికి గుర్తొచ్చింది ఆ తీపే. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది.

ఇప్పుడు ఈ జిల్లా పేరు దేశాలు దాటిస్తున్నది బాక్సర్లు.

దేశదేశాల ఆటల పండగలకి ఒక్కోదానికి ఒక్కో బంధుత్వం. 1932లో టెల్ అవీవ్‌లో మొదలైన మక్కబియా క్రీడలు ప్రపంచం నలుమూలలా ఉన్న యూదులవి. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలైన కామన్వెల్త్ క్రీడలు చాలావరకు ఒకప్పటి బ్రిటిష్ ఏలుబడి దేశాలవి. అప్పటికి నిజామాబాద్ ఉన్నది నిజాం ఏలుబడిలో! అయితేనేం, 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ నుంచి ఈ ఒక్క పట్టణానికే రెండు పతకాలొచ్చాయి. యాభై కిలోల విభాగంలో నిఖత్ జరీన్‌కి స్వర్ణం, 57 కిలోల్లో మహ్మద్ హుసాముద్దీన్‌కి కాంస్యం. అతనికి 2018 గోల్డ్‌కోస్ట్‌లోనూ కాంస్యమే.

ఇద్దరి చేతులకీ గ్లౌజులు తొడిగి ఓనమాలు దిద్దించిన గురువు ఒక్కరే. హుసాముద్దీన్ వాళ్ల నాన్న!

నిఖత్ మొదట పరుగు కోసమే కలెక్టరేట్ మైదానానికి వచ్చింది. రింగులో అందరూ అబ్బాయిలే. అమ్మాయిలెందుకు లేరని నాన్నని అడిగింది. ఆడపిల్లలకి అంత బలం ఉండదని జనం అనుకుంటారన్నాడాయన. అంతే, పంతం పట్టింది. అబ్బాయిలతోనే తలపడింది. నిక్కరు వేసుకుంటుందని బంధువులు సణిగారు. కమిలిన కన్నుతో ఇంటికొస్తే, దీన్నెవరు చేసుకుంటారని అమ్మకి బెంగ. మన ఇళ్లలో మాత్రం వినని మాటలా ఇవి!

2017లో భుజం గాయంతో ఆపరేషన్. 2022లో ఇస్తాంబుల్‌లో, మరుసటేడు ఢిల్లీలో ప్రపంచ విజేత. ఇక 2024 పారిస్ ఒలింపిక్స్... ప్రీక్వార్టర్స్‌లోనే చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓటమి. నిఖత్ కన్నీళ్లు టీవీలో చూసినవాళ్లకి గుర్తుండే ఉంటాయి. చివరికి స్వర్ణం గెలిచింది ఆ వూ యూనే.

ఈసారి బోధన్ బస్సెక్కే ముందు ఓ గంట తీరిక చేసుకోండి. మైదానం వైపు వెళ్లిరండి, పిల్లల్ని వెంటబెట్టుకుని. ముఖ్యంగా అమ్మాయిల్ని.