గుంజాల అక్షరాలకు ఒక చిన్న యంత్రం

జనవరి 18, 2025, శనివారం
ఆదిలాబాద్

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. మా పాలిటెక్నిక్ ల్యాబ్ బీరువాలో ఉన్న బీగిల్‌బోన్ బ్లాక్ బోర్డును ఈసారి పిల్లల చేత మొదటి నుంచి లేపించాలి. అరచేతిలో పట్టే బోర్డు. 1 గిగాహెర్ట్జ్ ఏఆర్ఎం ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, ఒక ఈథర్‌నెట్, ఒక యూఎస్‌బీ, మానిటర్‌కు చిన్న హెచ్‌డీఎంఐ. 2013 ఏప్రిల్‌లో మార్కెట్లోకి వచ్చింది. మార్కెట్ లెక్కలో పాతదే. కానీ దీని సర్క్యూట్ పటం మొత్తం బహిరంగం. ఏ చిప్పు కాలు ఏ పిన్నుకు పోతుందో పటం మీద వేలు పెట్టి చూపించొచ్చు. దానిమీద నడిచే డెబియన్ కూడా అంతే, ప్రతి వరుస చదువుకోవచ్చు. నేర్పడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు తెలియదు.

ఇద్దరు ముందుకొచ్చారు. ఒకబ్బాయిది జైనథ్ వైపు పత్తి రైతు కుటుంబం. అమ్మాయిది నార్నూర్ వైపు గోండు గూడెం. ఏం తయారుచేద్దామని అడిగాను. అమ్మాయి కాసేపు ఆలోచించి, "మా తమ్ముని గోండి వాచకంల అక్షరాలు దీనిమీద వస్తయా సార్?" అంది. గోండి రాసే గుంజాల లిపి సంగతి అడుగుతోంది. వస్తాయి. లక్ష్యం అదే: తెలుగు, గుంజాల గోండి రెండూ చూపే, నెట్ లేకపోయినా పనిచేసే కంప్యూటర్.

జనవరి 19, ఆదివారం

డెబియన్ 12 ఇమేజ్ రాత్రంతా దిగింది. దిగిందని ఊరుకోకుండా షా256 లెక్క తీసి, విడుదల చేసినవాళ్లు ఇచ్చిన వరుసతో పోల్చాను. ఒక్క బిట్ మారినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. సరిపోయింది.

రేపు పిల్లలకు చెప్పాల్సినవి:

మెమరీ కార్డు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి డిస్కుల జాబితా చూడాలి. రెండోసారి కొత్తగా కనిపించిన పేరే కార్డుది. సైజు కూడా సరిపోవాలి.

ఇమేజ్‌ను కార్డు మీద రాసే డీడీ కమాండ్ మళ్లీ అడగదు. లాప్‌టాప్ డిస్కు పేరిచ్చినా దానిమీదే రాసేస్తుంది. కమాండ్‌ను పైకి చదవాలి, పక్కవాళ్లు సరేనన్నాకే ఎంటర్ కొట్టాలి.

రాయడం అయ్యాక సింక్ పూర్తయ్యేదాకా కార్డు తీయకూడదు.

జనవరి 21, మంగళవారం

ఈ రోజు క్లాసు బాగా జరిగింది. వివరంగా రాసుకోవాలి.

బోర్డు మీద జే1 అని ఆరు పిన్నుల వరుస ఉంది. ఒకటి గ్రౌండ్, నాలుగు బోర్డు వినేది, ఐదు బోర్డు మాట్లాడేది. సీరియల్ కేబుల్ 3.3 వోల్టులదే ఉండాలి. 5 వోల్టులది తగిలిస్తే ప్రాసెసర్ పిన్ను పోయే ప్రమాదం ఉంది. వేగం 115200.

బోర్డు లోపలి నిల్వ ఈఎంఎంసీని ముందే చెరిపి ఉంచాను. కార్డు పెట్టకుండానే కరెంటు ఇమ్మన్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ సీ అక్షరం ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైంది. "ఏమడుగుతున్నది సార్ ఇది?" అంది అమ్మాయి. ఈ ప్రశ్న రావాలనే కార్డు లేకుండా మొదలుపెట్టించాను. చిప్పు తయారైనప్పుడే దాని లోపల చిన్న ప్రోగ్రాం ఒకటి చెరగకుండా పెట్టేస్తారు. కరెంటు రాగానే అది ఈఎంఎంసీలో వెతుకుతుంది, కార్డులో వెతుకుతుంది. రెండుచోట్లా ఏమీ దొరక్కపోతే సీరియల్ తీగ మీదే ప్రోగ్రాం పంపమని ఆ అక్షరంతో అడుగుతుంది. నిల్వలో ఒక్క ఫైలు లేకపోయినా బోర్డు తన స్థితి ఏమిటో చెప్పగలదని పిల్లలు కళ్లారా చూశారు.

తర్వాత కార్డు పెట్టించాను. ఈఎంఎంసీలో పాత వ్యవస్థ ఉన్న బోర్డులయితే ఎస్2 బటన్ నొక్కిపట్టి కరెంటు ఇవ్వాలి, అప్పుడు కార్డు వైపు చూస్తుంది. చిప్పులోని ప్రోగ్రాం ముందుగా ఎంఎల్ఓ అనే చిన్న ఫైలును తెచ్చుకుంటుంది. బయటి ర్యామ్ అప్పటికింకా మేలుకోలేదు. అందుకే ఆ మొదటి ఫైలు చిప్పు లోపలున్న కొద్దిపాటి మెమరీలో పట్టాలి. అది ర్యామ్‌ను లేపి యూ-బూట్‌ను తెస్తుంది. యూ-బూట్ లినక్స్ కెర్నెల్‌ను, డివైస్ ట్రీని తెచ్చి పగ్గాలు అప్పగిస్తుంది. అబ్బాయి వెంటనే అన్నాడు: "చేన్ల నుంచి ఒడ్డుకు నెత్తిమీద మూట, ఒడ్డు నుంచి ఇంటికి ఎడ్లబండి, ఇంటి నుంచి యార్డుకు ట్రాక్టర్. గట్లనే కద సార్?" గట్లనే. చిన్నది మోయగలిగినంత మోసి పెద్దదానికి అందిస్తుంది.

డివైస్ ట్రీ దగ్గర ఎక్కువసేపు ఆగాం. లాప్‌టాప్‌లో చాలా భాగాలు తామెవరో తామే చెప్పుకుంటాయి. ఇలాంటి చిప్పులో సీరియల్ పోర్టు ఏ అడ్రసులో ఉందో, ఏ పిన్నుకు ఏ ఎల్‌ఈడీ ఉందో కెర్నెల్ కనిపెట్టలేదు. ఒక పట్టికలో రాసివ్వాలి. ఆ పట్టిక మామూలు టెక్స్ట్‌లో రాసి కంపైల్ చేసేదే. గుండెలా కొట్టుకునే నీలం ఎల్‌ఈడీ పేరు పిల్లలే అందులో వెతికి పట్టారు.

లాగిన్ వచ్చింది. మొదటి పని పాస్‌వర్డ్ మార్చడం. మార్చారు.

జనవరి 22, బుధవారం

ఈ బోర్డుకు బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు తీసి పెడితే తేదీ వెనక్కి పోతుంది. దాంతో ప్యాకేజీల జాబితా తెచ్చుకోబోతే, అది ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఆప్ట్ నిరాకరించింది. బోర్డు దృష్టిలో ఆ జాబితా భవిష్యత్తులోది. సంతకాలు, గడువులు అన్నీ తేదీ మీదే నిలబడతాయని ఇంతకంటే బాగా ఏ పాఠమూ చెప్పలేదు.

నెట్ ఉన్నచోట టైమ్ సర్వర్ చాలు. గూడెం బడిలో నెట్ ఉంటుందన్న నమ్మకం లేదు కనుక డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టించాను. పీ9 వరుసలో 19, 20 పిన్నులు ఐ2సీవి. స్కాన్ చేస్తే 68 అని కనిపించింది. ఇక నాణెం బ్యాటరీ ఉన్నంతకాలం తేదీ పోదు.

జనవరి 25, శనివారం

తెలుగు రోజు. మానిటర్ తగిలించి తెలుగు ఫైలు తెరిస్తే నల్లటి కన్సోల్ మీద అక్షరాలు రాలేదు. అక్కడ ఒక ఫాంటులో 512కు మించి ఆకారాలు పట్టవు, ఒత్తులూ గుణింతాలూ కలిపే ఏర్పాటు లేదు. గ్రాఫికల్ డెస్క్‌టాప్ కావాలి. తేలికైనది వేశాం, 512 ఎంబీలో నడుస్తోంది. యూఎస్‌బీ ఒక్కటే కనుక కీబోర్డుకూ మౌస్‌కూ హబ్, బోర్డుకు 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్.

తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేయగానే పోతన, వేమన, లోహిత్ వచ్చాయి. పోతన, వేమన ఫాంట్లు గీసిన తిరుమల కృష్ణ దేశికాచారి గురించి పిల్లలకు చెప్పాను. అక్షరాలు గీసి అందరూ వాడుకునేలా వదిలేశారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తెచ్చిన సంగతీ చెప్పాను. ఈ రోజు మన బోర్డు మీద తెలుగు రెండు నిమిషాల్లో వచ్చిందంటే దాని వెనక ఎందరో జీతం లేకుండా చేసిన పని ఉంది. ఆ రుణం పిల్లలకు తెలియాలి.

జనవరి 28, మంగళవారం

కేస్లాపూర్‌లో నాగోబా జాతర. క్లాసులో సగం బెంచీలు ఖాళీ. అమ్మాయి కూడా ఇంటివాళ్లతో వెళ్లింది. ఈ పూట చదువుకున్నది రాసిపెడతాను.

2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే. మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో దేవనాగరిలో రాస్తారు, మన దగ్గర తెలుగు లిపిలో. 1918లో బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారం ఒక లిపి తయారుచేశాడు. 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించినప్పుడు వాచకాలు గోండి భాషలో వచ్చాయి, లిపి మాత్రం దేవనాగరి.

గుంజాల గ్రామం నార్నూర్ మండలంలోనే ఉంది. అక్కడి ఇళ్లలో దాచుకున్న చేతిరాత పుస్తకాలను హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. మసారం లిపి 2017లో యూనికోడ్‌లో చేరింది. గుంజాల లిపి 2018 జూన్‌లో, యూనికోడ్ 11లో. ఆదిలాబాద్ జిల్లా ఊరి పేరు ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ పాటించే పట్టికలోకి ఎక్కింది. ఈ జిల్లావాడిగా నాకు గర్వంగా ఉంది.

ఫిబ్రవరి 1, శనివారం

అమ్మాయి తమ్ముడి వాచకం తెచ్చింది.

గుంజాల అక్షరాలున్న ఫైలు తెరిస్తే ముందు ఖాళీ డబ్బాలే. డబ్బా వచ్చిందంటే అక్షరం పోలేదు, దాని ఆకారం ఈ యంత్రం దగ్గర లేదని అర్థం. ఫైలును బైట్లుగా విప్పి చూపించాను. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, గుంజాల అక్షరం నాలుగు. సమాచారం భద్రంగా ఉంది. నోటో ఫాంట్ల ప్యాకేజీ వేసి మళ్లీ తెరిచాం. అక్షరాలు వచ్చాయి. గుణింతపు గుర్తులను సరైన చోట కూర్చోబెట్టేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ, అదీ ఓపెన్ సోర్సే. ఫాంటు లైసెన్సు కూడా స్వేచ్ఛగా పంచుకోమనేదే.

యూనికోడ్ పట్టికలో హల్లుల వరుస య, వ, బ అని మొదలవుతుంది. వాచకంలోనూ ఆ వరుసే. "మా బడిల చెప్పినట్టే ఉన్నది," అని ఆమె వేలుపెట్టి చదువుతూ పోయింది. నాకు ఆ లిపి రాదు. ఈ రోజు ల్యాబ్‌లో పాఠం చెప్పింది ఆమే, మేమిద్దరం విన్నాం.

ఫిబ్రవరి 4, మంగళవారం

చదవడం అయింది, ఇక రాయడం. ఒక్కో అక్షరానికి కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కి కోడ్ కొట్టడం పరీక్షకు పనికొస్తుంది, పిల్లలకు పనికిరాదు. కీబోర్డు పట్టిక లినక్స్‌లో మామూలు టెక్స్ట్ ఫైలే: ఏ మీటకు ఏ అక్షరం అని వరుసగా రాయడమే. ఏ అక్షరం ఎక్కడుండాలో ఆమె నిర్ణయించింది, అబ్బాయి ఫైలులో రాశాడు. ఎక్కువ వచ్చే అక్షరాలు మధ్య వరుసలో పెట్టాలని ఆమె పట్టు. అలాగే పెట్టారు.

దీనికోసం ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరికీ రుసుము కట్టలేదు. ఓపెన్ సోర్స్ అంటే ధర లేకపోవడమని చాలామంది అనుకుంటారు. మన అవసరం ఎవరి లాభాల లెక్కలోకీ రాకపోయినా మన చేత్తో మనం తీర్చుకోగలగడం దానికంటే పెద్ద సంగతి.

ఫిబ్రవరి 8, శనివారం

చివరి పని: కరెంటు. రాస్తున్న మధ్యలో సరఫరా పోతే కార్డులోని ఫైళ్లు చెడొచ్చు. వ్యవస్థ ఉన్న భాగాన్ని చదవడానికి మాత్రమే తెరుచుకునేలా మార్చాం. పిల్లలు రాసుకునే ఫైళ్లకు వేరే భాగం. పవర్ బటన్ నొక్కితే పద్ధతిగా ఆగిపోతుంది. ఇద్దరూ కలిసి కార్డు నకలు తీసి, చేసిన ప్రతి మెట్టూ తెలుగులో రాసిపెట్టారు. వచ్చే ఏడు ఇంకొకరు మొదలుపెట్టినా ఆ కాగితాలు చాలు.

సెమిస్టర్ చివర శాఖకు ఇవ్వబోయే నివేదికలో ఈ మాట రాయాలి: ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ప్రతి పాలిటెక్నిక్‌లో పిల్లలు ఒక్కసారైనా ఒక బోర్డును మొదటి సూచన నుంచి లేపాలి. కొత్త బోర్డులు కొనాల్సిన పని లేదు, బీరువాల్లో ఉన్నవి చాలు. ఏ ఊరి పిల్లలు వస్తే ఆ ఊరి భాష ఆ బోర్డు మీద కనిపించాలి. గోండి మనకు వచ్చింది, ఇక కొలామీ మొదలుపెట్టాలి.