ఇసుక దారికి అడ్డం పడితే

పుదుచ్చేరి, గురువారం

బాబాయి గారూ,

క్షేమంగా చేరాను. ఇక్కడి బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహం, పాత లైట్‌హౌస్ ఫొటోల్లో చూసినట్టే ఉన్నాయి. ఒడ్డు మాత్రం చాలా దూరం వరకు ఇసుక కాదు, నల్లరాళ్ళ కట్ట. అల వెనక్కి తగ్గినప్పుడు వంగి చూశాను. రాళ్ళకి ఆలచిప్పలు కరుచుకుని ఉన్నాయి. రాతిరంగులో కలిసిపోయిన పీత ఒకటి నా నీడ పడగానే అడ్డంగా పరుగెత్తి సందులో దూరింది. మన ఉప్పాడ రోడ్డు పక్కన పోసిన రాళ్ళ మీదా ఇలాంటివే కదా తిరిగేది!

ఈ రాళ్ళ వెనక పెద్ద కథే ఉంది. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసేచోట హార్బర్ కట్టారు. దానికోసం నీళ్ళలోకి గోడలు వేశారు. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాలప్పుడు కొంత ఇసుక వెనక్కి మళ్ళుతుంది. గోడ అడ్డం పడేసరికి ఇసుక దక్షిణాన మేటవేసింది. ఇటు పట్టణం ఒడ్డు నుంచి పోయేది పోతూనే ఉంది, రావలసింది రాలేదు. రాళ్ళు పోశాక రోడ్డు నిలిచింది గానీ, కోత ఉత్తరాన కురుసుకుప్పం, వైత్తికుప్పం జాలరి పేటల మీదికి, ఆపైన తమిళనాడు పల్లెల మీదికి జరిగింది.

పుదుచ్చేరి, శనివారం

బాబాయి గారూ,

బీచ్ రోడ్డులోని సచివాలయం ఎదుట మళ్ళీ ఇసుక చేరింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు 2018లో అక్కడ నీటి అడుగున ఉక్కు దిబ్బ ఒకటి దించారు. అల దానిమీద విరిగి బలం తగ్గుతుంది, వెనక నీరు నెమ్మదించి ఇసుక అడుక్కి దిగుతుంది. హార్బర్‌లో తవ్వి తీసిన ఇసుకనూ తెచ్చి పోశారు.

పొద్దున్నే వెళ్ళాను. ఒక పీత బొరియలోంచి కాళ్ళ మధ్య ఇసుక పట్టుకొచ్చి, దూరంగా విసిరి, కాడల్లాంటి కళ్ళు నిక్కించి నలుదిక్కులా చూసి మళ్ళీ లోపలికి దిగింది. రాళ్ళ పీతకి సందు చాలు. దీనికి తడి ఇసుక లేకపోతే ఇల్లే లేదు.

ఆలివ్ రిడ్లే తాబేళ్ళకూ అంతే. చలికాలం చివర మన దగ్గరికి వచ్చినట్టే ఈ చుట్టుపక్కల ఇసుక తీరాలకూ వస్తాయి. ఒక్కోటి సుమారు 100 గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతుంది. తర్వాత పొదిగేది ఇసుక వేడే. పుట్టే పిల్ల ఆడో మగో తేల్చేదీ ఆ వేడే: ఎక్కువైతే ఆడవి, తగ్గితే మగవి. రాళ్ళ కట్ట ఎదురైతే తల్లి వెనుదిరగాల్సిందే.

ఉప్పాడ కోత అచ్చం ఇలాంటిదే అనను. అక్కడ గోదావరి ఇసుకతో పెరిగిన హోప్ ఐలాండ్ కూడా అలల పోకడను మారుస్తోంది. అయినా ఈసారి కోత మీద మీటింగ్ పెడితే, గోడ ఎంత ఎత్తు లేపాలన్నది తర్వాతి మాట, మన ఇసుక ఎక్కడ ఆగుతోందో ముందు తేల్చమని మీరే గట్టిగా అడగండి. మీ మాటంటే ఊళ్ళో గురి ఉంది.

పిన్నికి నమస్కారాలు చెప్పండి. రేపు చిదంబరం వెళ్తున్నాను. అక్కణ్ణుంచి మళ్ళీ రాస్తాను.

మీ అబ్బాయి